సిగరెట్ మానేసి 19 రోజులు, మనసు మాత్రం బాగోలేదు

ఉప్పుగాలి | సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ చదివి పోయేవాణ్ణే తప్ప రాసింది లేదు. వయసు 38, ఊరు కాకినాడ, పని పోర్టు దగ్గర ఓ క్లియరింగ్ ఆఫీసులో. ఇంటర్ రెండో ఏడు మొదలెట్టిన సిగరెట్టు, మా చిన్నదాని పుట్టినరోజు నాడు ఆపాను. ఇవాళ్టికి 19 రోజులు. అంతకుముందు రోజుకి 12. పని ఒత్తిడి ఉంటే 20.

దగ్గు తగ్గింది. మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం రావట్లేదు. అందరూ చెప్పినట్టే జరిగింది. ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఏడుపొస్తోంది. నిన్న భానుగుడి సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపి నిలబడితే ఏ కారణమూ లేకుండా కళ్ళమ్మట నీళ్ళు. పక్కన ఆటోవాడు "ఏమైందండీ" అంటే "దుమ్ము" అన్నాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక పట్టదు. పిల్లలు ఏదడిగినా విసుగు.

నిన్న మా ఆవిడ అంది, "మీరు తాగేటప్పుడే మనిషిలా ఉండేవారు, పోనీ ఒకటి తెచ్చుకోండి" అని. ఆరేళ్ళు పోరి పోరి మాన్పించిన మనిషి ఆ మాట అంటే, నేనెలా ఉన్నానో మీరే ఊహించుకోండి.

నాలో ముందునుంచీ డిప్రెషన్ ఉంటే సిగరెట్టు దాన్ని తొక్కిపెట్టి ఉంచిందా? లేక మానేయడం వల్లే వచ్చిందా? ఏదో ఒకటి తేలితే చాలు.

పొగమంచు | సోమవారం, రాత్రి 11:58

అన్నా, సూటిగా చెప్తున్నా, తప్పుగా అనుకోకు. మళ్ళీ మొదలెట్టు. రోజుకి నాలుగు పెట్టుకో. మా తాత చుట్ట తాగి 84 ఏళ్ళు బతికాడు, చుట్ట మానని మనిషి, నవ్వడం మానని మనిషి. టెన్షన్ తోనూ పోతారు జనం. ఏది ముందు తీసుకుపోతుందో ఎవడికి తెలుసు.

మూడోకప్పు | మంగళవారం, ఉదయం 6:20

పొగమంచు గారూ, మీ తాతగారితోపాటు చుట్టలు తాగి 55కే పోయినవాళ్ళు ఇప్పుడు వచ్చి మనకి కథ చెప్పలేరు కదా. బతికున్న తాతల మాటే మనకి వినపడుతుంది.

ఉప్పుగాలి గారూ, నేను మానేసి రెండేళ్ళు. ఆడవాళ్ళు తాగుతారా అని ఎవరూ అడక్కండి, హైదరాబాద్ ఐటీ ఆఫీసుల వెనక టీకొట్టు దగ్గరకొచ్చి చూడండి. మొదటి మూడు వారాలు నాకూ ఇలాగే. బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. నాలుగో వారం ఒక ఆదివారం మధ్యాహ్నం, పప్పు తాలింపు వాసనకి నిజంగా ఆకలేసింది. అంతే, అక్కణ్ణుంచి తేలిక. మీకూ అలాగే అవుతుందని మాటివ్వలేను, నాకు మాత్రం అలా అయింది.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 7:05

సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ రోగ నిర్ధారణ చెయ్యను, అది ఎదురుగా కూర్చుంటేనే సాధ్యం. తెలిసింది మాత్రం రాస్తాను.

నికోటిన్ పీల్చిన 10–20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో అది సగానికి తగ్గిపోతుంది. రోజుకి 12 తాగే మనిషి శరీరం అంటే గంటా గంటన్నరకోసారి చెయ్యి చాపే శరీరమన్నమాట. ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ దానికి ఒక్కసారిగా సరఫరా ఆపితే చిరాకు, దిగులు, నిద్రపట్టకపోవడం, ధ్యాస నిలవకపోవడం, ఆకలి పెరగడం, ఇవన్నీ వస్తాయి. ఒక రోజులోపే మొదలై, మొదటి వారంలో ముదిరి, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. 19వ రోజంటే మీరింకా ఆ గడువులోనే ఉన్నారు.

అయితే మీ ప్రశ్న తెలివితక్కువ ప్రశ్నేం కాదు. "సిగరెట్టు తొక్కిపెట్టి ఉంచిందా" అన్నదానికి కొంత ఆధారం ఉంది. 1996లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జోవానా ఫౌలర్ బృందం స్కాన్లు తీసి చూస్తే, పొగతాగేవాళ్ళ మెదడులో ఎంఏఓ–బి అనే ఎంజైము తాగనివాళ్ళకంటే 40% తక్కువుంది. ఎంఏఓ జాతి ఎంజైములు డోపమైన్ లాంటి, మెదడులో హుషారుకి సంబంధించిన రసాయనాల్ని విరగ్గొడతాయి. వాటిని అడ్డుకునే మాత్రలే డిప్రెషన్‌కి వాడిన తొలి మందుల్లో ఒక రకం. పొగలో ఉన్న పదార్థాలేవో అదే పనిని చిల్లరగా చేస్తున్నాయి. చిల్లర మందు, టోకు విషం.

మూడు ప్రశ్నలు. ఇంతకుముందెప్పుడైనా, తాగుతున్న రోజుల్లోనే, వారాల తరబడి ఇలా అనిపించిందా? రోజంతా ఉంటుందా, వచ్చి పోతుందా? బతకడం అనవసరం అన్నట్టు ఏమైనా అనిపిస్తోందా? మూడోది ఇక్కడ చెప్పక్కర్లేదు. ఒకవేళ అవునైతే ఇవాళే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. తెలుగులో మాట్లాడతారు, ఏ టైములోనైనా ఎత్తుతారు.

ఉప్పుగాలి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

డాక్టరు గారూ, మూడోదానికి లేదు. రెండోది, పొద్దున్న బాగా ఎక్కువ, సాయంత్రానికి కాస్త నయం. మొదటిదానికి ఏం చెప్పాలో తెలీట్లేదు. 2019లో నాన్న పోయాక ఓ ఏడాది... సరే, తర్వాత రాస్తాను.

గణితంమాస్టారు | మంగళవారం, సాయంత్రం 4:15

డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. నేనెన్నడూ తాగలేదు, కాబట్టి అనుభవం మీది, లెక్క నాది.

పొగతాగేవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువ, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో పొగ ఎక్కువ. ఇంతవరకూ ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా బాణం గుర్తు ఎటు వెయ్యాలన్నది. పొగ వల్ల దిగులా, దిగులు వల్ల పొగా, మూడోదేదో వెనకుండి రెంటినీ నడుపుతోందా?

ఈ మూడో మాటకి పెద్ద చరిత్రుంది. 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు లండన్ ఆసుపత్రుల్లో లెక్కతీసి సిగరెట్టుకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం బయటపెట్టారు. దానికి అడ్డం తిరిగినవాడు ఆర్.ఎ. ఫిషర్, ఆధునిక గణాంకశాస్త్రానికి తండ్రి లాంటివాడు, స్వయానా పైపు తాగేవాడు. ఒకే జన్యువు మనిషిని పొగకీ క్యాన్సర్‌కీ తోస్తుండవచ్చు కదా అన్నాడు. (మన గణాంకవేత్త సి.ఆర్. రావు గారికి కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ గురువు ఈ ఫిషరే. గురువు గొప్పవాడైనంత మాత్రాన అన్నీ ఒప్పవ్వవు.) క్యాన్సర్ విషయంలో ఫిషర్ తప్పని తేలిపోయింది. డిప్రెషన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయన వాదన అంత తేలిగ్గా చావలేదు. 1993లో అమెరికాలో కెండ్లర్ బృందం 1,566 మంది ఆడ కవలల్ని పరిశీలించి, ఈ రెంటికీ మధ్య ఉన్న బంధం చాలావరకూ ఉమ్మడి కారణాలదే, బహుశా జన్యువులదే అని తేల్చింది.

తర్వాత ఒక కొత్త కిటుకు వచ్చింది. తల్లిదండ్రుల నుంచి బిడ్డకి ఏ జన్యువు వస్తుందన్నది పేకముక్కలు కలిపి పంచినట్టు. జీతం, పెళ్ళి, బాసు, ఇవేవీ ఆ పంపకాన్ని మార్చలేవు. పొగ వైపు తోసే ముక్కలు ఎక్కువ పడ్డవాళ్ళలో డిప్రెషన్ కూడా ఎక్కువుందా అని చూస్తే, బాణం ఎటో కొంత తెలుస్తుంది. నార్వేలో 2013లో ఇలా చూస్తే పొగ వల్ల డిప్రెషన్ అనడానికి ఆధారం దొరకలేదు. బ్రిటన్లో 2020లో వూటన్ బృందం 4 లక్షల 60 వేల మందికి పైగా డేటా తీసుకుని చూస్తే రెండు వైపులా బాణం కనిపించింది, పొగ నుంచి డిప్రెషన్ వైపు వెళ్ళేదే బలంగా. చిన్న నమూనాలో దొరకనిది పెద్దదాంట్లో దొరకడం మా శాస్త్రంలో మామూలే.

పొగమంచు | మంగళవారం, సాయంత్రం 6:40

మాస్టారూ, పేకముక్కలు బాగున్నాయి. నా ఒంట్లో జరిగేది నాకు తెలుసు కదా? టెన్షన్లో ఉంటాను, ఒకటి వెలిగిస్తాను, భుజాలు దిగుతాయి. దీనికి 4 లక్షల మంది దేనికి?

గణితంమాస్టారు | మంగళవారం, సాయంత్రం 7:10

4 లక్షల మంది అక్కర్లేదు నాయనా, నువ్వొక్కడివి చాలు. చిన్న నోటుబుక్కు కొనుక్కో. వెలిగించే ముందు మనసు ఎలా ఉందో పదికి మార్కులెయ్యి. ఆర్పాక పది నిమిషాలకి మళ్ళీ వెయ్యి. నీ పక్కసీట్లో తాగనివాడెవడైనా ఉంటే అదే టైముకి వాడి చేత కూడా వేయించు. నాలుగు రోజులు. వెనక్కి తిప్పి చూడకూడదు.

పొగమంచు | మంగళవారం, సాయంత్రం 7:14

నా పక్కసీట్లో మా బావమరిదే ఉంటాడు. జన్మలో తాగలేదు. వాడు నవ్వుతాడేమో గానీ, సరే కానివ్వండి.

జగిత్యాలబిడ్డ | మంగళవారం, రాత్రి 9:30

నాది ఉల్టా కథ. చెప్తే ఎవరికన్న పనికొస్తదేమో.

మా బాపు దుబాయిల పన్నెండేండ్లు చేసి 2016ల వాపస్ వచ్చిండు. వచ్చినప్పటి సంది గోడకు ఒరిగి కూసునుడే. ఎవలతోని మాట లేదు. అంతకుముందు పండుగకో పబ్బానికో తాగే మనిషి, రోజుకు రెండు కట్టల బీడీలకు వచ్చిండు. మా అమ్మ బీడీలు చేస్తది, మా ఊర్ల సగం మంది ఆడోళ్ళ పని అదే. చాటల తంబాకు, తునికాకు, కత్తెర, దారం ఎప్పుడు ఇంట్లనే ఉంటయి. అమ్మ చేసే బీడీలే బాపు తాగుతుండని ఒకసారి అన్నీ బయట పారేసి ఏడ్చింది. వెయ్యి బీడీలకు ఇంతని వచ్చే కూలి, దానిలకెల్లి ఆయన తాగినయి కోసుకుంటున్నరని.

మేమందరం అనుకున్నది ఒక్కటే, బీడీలు మాన్పిస్తే మనిషి బాగైతడని. దాచిపెట్టినం. చిన్నాయన తిట్టిండు. ఐదొద్దులు తాగలే, అన్నం గూడ తినలే. ఆరో దినం నాడు ఎవలకు చెప్పకుంట పొలం దిక్కు పోయిండు, ఎతికి తెచ్చుకున్నం. అప్పుడు పెద్ద దవాఖానకు తీస్కపోతే డాక్టర్ సాబ్ బీడీల ముచ్చటే ఎత్తలే. నిద్ర అడిగిండు, అన్నం అడిగిండు, దుబాయిల ఏమైందని అడిగిండు. గోలీలు రాసిండు. రెండు నెలలైనంక బాపు పొద్దుగాల లేచి బర్రెకు గడ్డి ఏసిండు. ఆ దినం మా అమ్మ మొఖం చూడాలె. బీడీలు మూడు నెలలకు తనంతట తనే ఒక కట్టకు దింపుకున్నడు. పూరా బంద్ చేసింది తర్వాత ఏడాదికి.

గందుకే నేననేది, బీడీ కండ్లకు కనవడుతది, లోపటిది కనవడది. కనవడేదాని మీదనే అందరం పడతం.

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 11:15

అక్కా, మీరు రాసింది నా క్లాసులో చెప్పిస్తే బాగుంటుందనిపించింది.

దిగులు ముందొచ్చి పొగ తర్వాత పెరిగే ఈ రెండో దారి మన దగ్గర ఎంత మామూలో చెప్తాను. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలైనవారే. వాళ్ళలో ఎక్కువమందికి వైద్యమే అందదు. అదే సర్వేలో పొగాకుకి బానిసలైనవాళ్ళు 20.9%. ఈ రెండు గుంపులూ ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి, కానీ ఛాతీ డాక్టరు "మానెయ్" అంటాడు, మనసు డాక్టరు "పాపం, అదొక్కటే కదా ఆయనకున్న సుఖం" అని వదిలేస్తాడు. రెండోది మా వాళ్ళ తప్పు, ఒప్పుకుంటున్నాను. అమెరికా మానసిక ఆసుపత్రుల్లో ఒకప్పుడు చెప్పినమాట విన్న రోగికి సిగరెట్లే బహుమానం. 2000లో వచ్చిన ఒక లెక్క ప్రకారం ఆ దేశంలో తాగే సిగరెట్లలో 44% మానసిక సమస్యలున్నవాళ్ళవే.

డల్లాస్‌గోదారి | బుధవారం, ఉదయం 5:50

ఇక్కడ డాక్టరు 2012లో నాకు సిగరెట్ మాన్పించే వరెనిక్లిన్ మాత్ర రాశాడు. డబ్బా మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక, డిప్రెషన్ రావచ్చు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు అని. అది చదివి మా ఆవిడ సగం చచ్చిపోయింది. వేసుకున్నాను. వికారం, విచిత్రమైన కలలు (గోదారి మీద లాంచీలో మా పదో తరగతి హెడ్మాస్టరు టికెట్లు కొట్టడం), అంతకుమించి ఏం కాలేదు. ఆరు నెలలు శుభ్రంగా ఉన్నాను. ఉద్యోగం పోయిన వారం మళ్ళీ మొదలు. అది మందు తప్పు కాదు.

ఆ హెచ్చరిక ఇంకా ఉందా డాక్టరు గారూ?

రాత్రిడ్యూటీ | బుధవారం, మధ్యాహ్నం 2:00

తీసేశారు, 2016 డిసెంబర్లో. ఆ ఏడాదే లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఈగిల్స్ అనే పరీక్ష ఫలితాలొచ్చాయి. 16 దేశాలు, 8,144 మంది, అందులో సగం మంది మానసిక సమస్యలు ఉన్నవాళ్ళే. వరెనిక్లిన్, బుప్రోపియాన్, నికోటిన్ ప్యాచ్, ఉత్తుత్తి మాత్ర, నాలుగూ పోల్చి చూశారు. మందులు వాడినవాళ్ళలో మానసికంగా తేడా చేసిన కేసులు ఉత్తుత్తి మాత్ర వాళ్ళకంటే చెప్పుకోదగ్గంత పెరగలేదు.

బుప్రోపియాన్ సంగతి తమాషాగా ఉంటుంది. అది అసలు డిప్రెషన్ మందు. దాన్ని 1997లో అమెరికాలో సిగరెట్ మాన్పించడానికి కూడా ఆమోదించారు. ఫిట్స్ ఉన్నవాళ్ళు వాడకూడదు, కాబట్టి ఎవరూ ఇది చదివి షాపుకి పరిగెత్తకండి.

మందులకొట్టు | బుధవారం, రాత్రి 10:20

ఫార్మసీ నాది, పేరు చెప్పను. షాపుకి పరిగెత్తేవాళ్ళని రోజూ చూస్తాను కాబట్టి రెండు ముక్కలు.

నికోటిన్ గమ్ 2 మి.గ్రా. చీటీ లేకుండా ఇస్తాం. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తారు. ఎక్కిళ్ళు, గుండెల్లో మంట, "ఇది దొంగ సరుకు" అని తిట్టు. మెల్లగా నాలుగైదుసార్లు నమలాలి. మిరియం కొరికినట్టు ఘాటు తగలగానే ఆపి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టెయ్యాలి. ఘాటు పోయాక మళ్ళీ రెండు నమలడం. అరగంట అదే పని. గమ్ముకి పావుగంట ముందు టీ, కాఫీ, కూల్‌డ్రింకు వద్దు, నోట్లో పులుపుంటే నికోటిన్ ఒంటికి పట్టదు.

అన్నట్టు ఉప్పుగాలి గారూ, రోజుకి టీలు ఎన్ని?

ఉప్పుగాలి | బుధవారం, రాత్రి 10:41

ముందు ఆరు. ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో. చెయ్యి ఖాళీగా ఉండలేకపోతోంది, గ్లాసు పట్టుకుంటే కాస్త నయం. ఎందుకండీ?

మందులకొట్టు | బుధవారం, రాత్రి 10:55

దొరికారు. సిగరెట్ పొగ లివర్లో ఒక ఎంజైమును రెచ్చగొడుతుంది. టీ కాఫీల్లో కెఫీన్‌ని అరగదీసేది ఆ ఎంజైమే. తాగినన్నాళ్ళూ మీ లివర్ కెఫీన్‌ని ఊదిపారేసింది. పొగ ఆగిన వారానికల్లా అది మామూలు మనిషి లివర్ అయిపోతుంది. అప్పుడు అదే ఆరు గ్లాసులు పన్నెండు గ్లాసుల్లా పనిచేస్తాయి. మీరు పైగా తొమ్మిది తాగుతున్నారు. గుండె దడ, చేతులు వణుకు, మూడింటికి మెలకువ. ఇందులో సగం టీదే అయుంటుంది. సాయంత్రం నాలుగు దాటాక ఆపి చూడండి.

రాత్రిడ్యూటీ | గురువారం, ఉదయం 6:50

మందులకొట్టు గారికి దండం. ఇది మా పుస్తకాల్లో ఉంది, నాకే తట్టలేదు. దీనికి కొసరు ఒకటి. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకిచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటివి వాడేవాళ్ళు సిగరెట్ మానేస్తే ఆ మందులు కూడా ఇలాగే రక్తంలో పెరుగుతాయి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. మీ డాక్టరుకి ముందే చెప్పి మానండి. ఇది పొగ చేసే పని, నికోటిన్ది కాదు. గమ్ము వాడుతున్నా లెక్క అదే.

మెట్టరైతు | గురువారం, ఉదయం 8:30

మాది ప్రకాశం జిల్లా, కొండపి పొగాకు వేలం కేంద్రం కింద. బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) ఉంది. నేను పండిస్తా, తాగను. తడి ఆకు పొద్దున్నే చేత్తో విరిచే కూలీలకి నికోటిన్ చర్మంలోంచే ఎక్కి తల తిరిగి వాంతులవుతాయి, అది మీకెవరికీ తెలీదు. మా దిగులుకి కారణం పొగ కాదు, బేళ్లు వేలానికి పెడితే "నో బిడ్" అని పక్కన పడేయడం. గుంటూర్లో మా కోసం 1976 నుంచీ పొగాకు బోర్డుంది. పొగాకు మానండి అనేవాళ్ళు బదులుగా ఈ మెట్టనేలలో ఏం వెయ్యాలో కూడా చెప్పాలి.

నిర్వాహకురాలు | గురువారం, ఉదయం 9:00

మెట్టరైతు గారూ, మీ మాట న్యాయమే, దానికి వ్యవసాయ విభాగంలో వేరే చర్చ తెరిచాను, అక్కడికి రండి. ఇక్కడ ఉప్పుగాలి గారి ప్రశ్న నడవనిద్దాం.

మూడోకప్పు | శుక్రవారం, సాయంత్రం 5:45

మాస్టారూ, ఒక సందేహం. మానేసినవాళ్ళ మనసు బాగుపడుతుందనే పరిశోధనలు ఉన్నాయి కదా?

గణితంమాస్టారు | శుక్రవారం, రాత్రి 8:05

ఉన్నాయమ్మా. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో టేలర్ బృందం 26 పరిశోధనల్ని కలిపి చూసింది. మానేసినవాళ్ళలో దిగులు, ఆందోళన, ఒత్తిడి మూడూ తగ్గాయి. ఆ తగ్గుదల డిప్రెషన్ మందులిచ్చే ఫలితానికి తీసిపోనిదని రాశారు. 2021లో వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ వాళ్ళు 102 పరిశోధనలతో, సుమారు 1 లక్షా 70 వేల మందితో మళ్ళీ చూస్తే అదే దిశ. ముందునుంచీ మానసిక సమస్య ఉన్నవాళ్ళకి కూడా.

నా వృత్తి రోగం కొద్దీ ఒక గిచ్చు గిచ్చాలి. ఎవర్నీ బలవంతంగా మాన్పించి, ఎవర్నీ బలవంతంగా తాగించి చేసిన ప్రయోగాలు కావివి. మనసు బాగుపడుతున్నవాళ్ళే మానగలిగారేమో అన్న అనుమానం కాస్త మిగిలే ఉంటుంది. జగిత్యాల అమ్మాయి నాన్నగారు అచ్చం అలాంటివారే. అయినా ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. మానేస్తే మనసు శాశ్వతంగా చెడుతుందన్న భయానికి సగటు లెక్కల్లో ఎక్కడా ఊతం లేదు. సగటు అన్నాను. ఒక్కొక్కరిది ఒక్కో కథ.

పొగమంచు | ఆదివారం, ఉదయం 11:30

మాస్టారూ, నోటుబుక్కు తెరిచాను.

నాలుగు రోజులు, 41 సిగరెట్లు. ముందు వేసిన మార్కులు ఎక్కువసార్లు 4, కొన్ని 3. తర్వాత వేసినవి 6, అప్పుడప్పుడు 7. నేను చెప్పిందే కదా, భుజాలు దిగుతాయని. గెలిచాననుకుని బావమరిది పేజీ తిప్పాను. వాడికి పొద్దున 6, పదకొండుకి 6, భోజనమయ్యాక 7, మూడింటికి 6. ఏమీ తాగకుండానే. అదే ఆఫీసు, అదే బాసు, గురువారం ఇద్దరికీ కలిపి పడిన తిట్లు కూడా అవే.

నేను డబ్బిచ్చి కొనుక్కునే ఆరు వాడికి ఊరికే ఉంది.

బావమరిది ఇంకా నవ్వుతున్నాడు. నేను మానేస్తున్నానని ఎవరూ చప్పట్లు కొట్టకండి, ఇది టైపు చేస్తూ కూడా ఒకటి తాగుతున్నా.

గణితంమాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

దీన్నే 1999లో ఆండీ పారట్ అనే సైకాలజిస్టు రాశాడు. సిగరెట్టు తీర్చేది చాలావరకూ అంతకుముందు సిగరెట్టు పెట్టిన అప్పునే అని. నీ పుస్తకం ఆయన చూసుంటే మురిసిపోయేవాడు. ఇద్దరి నమూనాతో నేను తీర్పులివ్వను గానీ, బావమరిది పేజీ పారెయ్యకు.

ఉప్పుగాలి | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:50

అందరూ ఏమనుకున్నారో ఏమో, మాయమైపోయాను. ఇవాళ్టికి 45వ రోజు.

టీ సాయంత్రం పూట ఆపాను. నాలుగో రోజుకే మూడింటి మెలకువ ఐదింటికి జరిగింది. మందులకొట్టు గారూ, కాకినాడ వస్తే కాజా నా లెక్కలో. పొగాకు మాన్పించే హెల్ప్‌లైన్ 1800-11-2356కి కూడా ఫోన్ చేశాను. రోజూ పెట్టె మీద చూస్తూ ఉన్న నంబరే, ఇన్నేళ్ళలో ఒక్కసారీ చదవలేదు. ఆవిడెవరో తెలుగులోనే మాట్లాడారు, వారం తర్వాత మళ్ళీ వాళ్ళే చేశారు.

చేతుల వణుకు పోయింది, విసుగు చాలావరకూ పోయింది. పొద్దుటి దిగులు మాత్రం పోలేదు. 30 రోజులు దాటినా పోలేదు. అప్పుడు డాక్టరు గారడిగిన మొదటి ప్రశ్న గుర్తొచ్చింది. 2019లో నాన్న పోయాక ఏడాదిపాటు అన్నం రుచి తెలియలేదు. ఆఫీసుకెళ్ళి వచ్చేవాణ్ణి, అంతే. రోజుకి ఆరు తాగేవాణ్ణి ఆ ఏడాదే పన్నెండుకి వచ్చాను. అందరూ "దుఃఖం కదా" అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఇక్కడ ఇది రాయడానికే నాకు మూడు వారాల పైన పట్టింది.

మా ఆవిడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. నాకు 14 వచ్చింది. మధ్యస్థ డిప్రెషన్ అన్నారు. మాత్ర మొదలెట్టి 12 రోజులు. సిగరెట్ మళ్ళీ ముట్టుకుంటే దీనికి నయమా అని సిగ్గు విడిచి అడిగాను. "పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పెందుకు" అన్నాడాయన.

అంటే నా ప్రశ్నకి రెండూ జవాబులే. మానడం వల్ల వచ్చింది కొంత, అది పోయింది. ముందునుంచీ ఉన్నది కొంత, అది ఇప్పుడు బయటపడింది.

జగిత్యాలబిడ్డ | శనివారం, రాత్రి 10:05

అన్నా, మస్తు మంచిగనిపించింది. పన్నెండు దినాలకే ఏం తెలుస్తలేదని ఆపకు. మా బాపుకు నెల పట్టింది.

రాత్రిడ్యూటీ | ఆదివారం, తెల్లవారుజామున 3:20

అక్క చెప్పిందే. మాత్ర పని కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త. అసలు గండం ఆ తర్వాత. రెండు నెలలకి బాగుందనిపించి చాలామంది తమంతట తామే ఆపేస్తారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటాం. ఆపేది డాక్టరు చెప్పాకే, మెల్లమెల్లగా.

పొగమంచు | ఆదివారం, ఉదయం 8:15

అన్నా, భానుగుడి సిగ్నల్ దగ్గర ఇప్పుడెలా ఉంది?

ఉప్పుగాలి | ఆదివారం, ఉదయం 8:40

నిన్న మళ్ళీ అదే ఆటోవాడు కనిపించాడు. "దుమ్ము తగ్గిందాండీ" అన్నాడు. "కొంచెం" అన్నాను.